వలకన్నులో నొక సమీకరణము

మా సూళ్లూరుపేట నుండి శ్రీహరికోటకు బోవు బాట పులికాటు సరస్సును చీల్చుకొని సాగును. పెద్దలు దానిని ప్రళయకావేరి యందురు. ఆ యొడ్డు పల్లెల బాలురు కొందరు నా గణితపు తరగతిలో నున్నారు. వారిలో నొకని తండ్రి, పదవ తరగతి ముగియగనే కుమారుని పడవపనికి దీసికొనిపోవ నిశ్చయించి, “అయ్యవారూ, వల అల్లుకొను వానికి లెక్కలెందుకండీ?” యని నన్నడిగెను. ప్రశ్న న్యాయమైనది. సమాధానమును వలతోనే చెప్ప దలచి, ఒక పాత వల తునకను, ఒక కుండను దెప్పించితిని.

వలలో ముడికి ముడికి నడుమ దారపు పొడవు మారదు. కోణము మాత్రమే మారును. చదునైన నేలపై కన్నులన్నిటిని ఒకే కోణమున సర్దవచ్చును. కుండపై నట్లు కుదురదు. కుండ పొట్ట యన్ని వైపులను ఒకే దిక్కునకు వంగినది. దాని వక్రత ధనము. మెడ యన్ననో, చుట్టును ఒక దిక్కునకు, పైనుండి క్రిందికి వేరొక దిక్కునకు వంగినది. దాని వక్రత ఋణము. ఈ ఋణ వక్రత యెల్లెడల సమానముగ నుండు తలములలో ప్రసిద్ధమైనది సూడోస్ఫియరు. సన్నాయి క్రిందినోటి వంటి యాకారము. త్రిభుజ కోణముల మొత్తము 180 డిగ్రీలకు తక్కువయగు జ్యామితి యిట్టి తలములపై నెట్లు నిలుచునో ఇటలీ పండితుడు బెల్‌ట్రామీ 1868లో చూపెను.

వక్రత ఋణ మొకటి యనుకొందము. మిక్కిలి చిన్న కన్ను నొకదానిని గైకొని, నాలుగు ముళ్ల యొద్దను ఒకే వైపునకు బోవు రెండు దారముల నడిమి కోణమును కొలువుడు. మొదటి ముడి, దాని కెదురు ముడి కోణముల మొత్తము నుండి తక్కిన రెండింటి మొత్తము దీసివేసినచో, మిగులునది ఆ కన్ను వైశాల్యమే! ఇదియే అవకలన సమీకరణమైనప్పుడు, కోణమును ఒక దారము వెంబడి, పిదప రెండవ దారము వెంబడి అవకలించిన దాని సైను వచ్చు నని చెప్పబడును. సైన్-గోర్డన్ అను నేటి పేరు ఇరువదవ శతాబ్దిలో పరిహాసముగ బెట్టినది. సమీకరణము మాత్రము అంతకు పూర్వపుదే. నేతగుడ్డను వలగా భావించి చెబిషేవు 1878లో పారిస్ నగరమున ఉపన్యసించెను. ఆ యుపన్యాస విషయము బట్టల కత్తిరింపు!

కుమారుడు వలను కుండ మెడపై బిగించుచుండగా, తండ్రి నేను చెప్పక మున్నే ఒకచోట వ్రేలుంచి, “ఇక్కడ కన్ను మూసుకొనిపోవును” అనెను. కోణము సున్నకు జేరు చోటది. “ఎంత పెద్ద వలకైన నిట్లగునా?” యని బాలు డడిగెను. మీటరును కొలతగా గొన్న స్థిర ఋణ వక్రతా తలముపై, నాలుగు దారములు హద్దుగా గల వల తునక 6.28 చదరపు మీటర్లకు లోబడియే యుండవలెను. కాని అంచులేని తలమునకు వైశాల్యము అనంతము. కావున అంచుగాని మడతగాని లేని యట్టి తలమును మన యాకాశమున నిర్మింప నలవికాదని హిల్బర్టు 1901లో నిరూపించెను.

“ఈ లెక్క చేయువారికి కూలి యిచ్చువా రున్నారా?” యని తండ్రి మరల అడిగెను. విమాన భాగములకై నార గుడ్డను అచ్చులపై బరచు ఇంజనీర్లు, గుడ్డ యెచ్చట ముడుతపడునో యిట్టి వల లెక్కతోనే ముందుగ నెరుగుదు రని చెప్పితిని. ఆయన బదులు పలుకక వలను మడిచి చంకనిడుకొనెను. కుమారుడు జూను మాసమున ఇంటర్మీడియట్ గణిత శాఖలో చేరెను. ఆదివారములందు వల బాగుచేయుచునే యున్నాడు.