బళ్లారి సరిహద్దులో సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ ఎస్‌యూవీ

కాంపాక్ట్ ఎస్‌యూవీ అంటే భారత మార్కెట్లో దాదాపుగా నాలుగు మీటర్ల లోపు పొడవున్న ఎత్తు బండి. ఆ కొలత పన్ను వల్ల వచ్చింది. నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ, డీజిల్ ఇంజన్ 1500 సీసీ లోపు ఉన్న కార్లకు 2006 కేంద్ర బడ్జెట్ ఎక్సైజు సుంకం తగ్గించింది. తర్వాత వరసగా ఫోర్డ్ ఎకోస్పోర్ట్ 2013లో, మారుతి విటారా బ్రెజా 2016లో, టాటా నెక్సాన్ 2017లో, హ్యుందాయ్ వెన్యూ 2019లో రోడ్డెక్కాయి. ఇవాళ సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతున్నవి ఎక్కువగా ఇవే.

బళ్లారిలో ఈ బండ్ల బేరాలు సరిహద్దు దాటడానికి కారణం పాతది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్ర వైపు ఉండిపోగా బళ్లారి మైసూరు రాష్ట్రంలో (ఇప్పటి కర్ణాటక) చేరింది. బళ్లారి తెలుగు కుటుంబాల చుట్టరికాలు ఇప్పటికీ సరిహద్దు గీతకు రెండు వైపులా ఉన్నాయి. బండ్ల బేరాలూ అంతే. గుంతకల్లు యాభై కిలోమీటర్లు, అనంతపురం వంద. బావమరిది చూసిపెట్టిన బండి ఆదివారం పూట వెళ్లి తెచ్చుకునేంత దగ్గర. కొనేవాళ్లు మొదట మీటరు చూస్తారు. మీటరు వెనక్కి తిప్పడం పెద్ద విద్యేమీ కాదు. బండి ఏ దారిలో తిరిగిందన్నది మాత్రం దాచలేరు, ఇక్కడ రిపేరు ఖర్చును తేల్చేది కూడా అదే.

బళ్లారి దగ్గరి సండూరు కొండల్లో తవ్వేది హెమటైట్ ఇనుప ఖనిజం. 2011లో సుప్రీంకోర్టు బళ్లారి గనులను ఆపించింది, తర్వాత షరతులతో మళ్లీ తెరిపించింది. సండూరు, తోరణగల్లు, హొసపేట దారుల్లో ఖనిజం లారీల వెనక రోజూ తిరిగే కారు ఎర్రటి మెత్తటి ధూళిని పీలుస్తూనే ఉంటుంది. అలాంటి బండి కొనేముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీసి చూడాలి. ఫిల్టర్ బయటి వైపు ఎర్రగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, నాలుగైదు వందలతో కొత్తది వస్తుంది. ఫిల్టర్ తీశాక లోపలి వైపు, ఇంజన్‌లోకి వెళ్లే పైపు గోడకు వేలు రాస్తే ఎరుపు అంటుకుందంటే, ఫిల్టర్ సరిగ్గా కూర్చోకుండా, లేదా చిరిగినది మార్చకుండా ఎన్నో నెలలు నడిపారన్నమాట. ఆ ధూళి సిలిండర్ గోడలనూ పిస్టన్ రింగులనూ టర్బో రెక్కలనూ అరగదీస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఎగదన్నడం, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేకపోవడం, వారం వారం ఆయిల్ తగ్గడం దాని గుర్తులు. టర్బో మార్చడానికి పాతిక వేల నుంచి యాభై వేలు, ఇంజన్ దింపి పని చేయిస్తే లక్ష దాకా అవుతుంది. బేరంలో పదివేలు తగ్గించారని ఇలాంటి బండికి సరే అనకూడదు.

అదే ధూళి ఏసీనీ దెబ్బతీస్తుంది. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. కదులుతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుంటే చాలామంది గ్యాస్ నింపిస్తారు, రెండువేలు పోతాయి. ముందు చూడాల్సింది రేడియేటర్ ముందుండే కండెన్సర్. దాని రెక్కల మధ్య మట్టి గడ్డకట్టి ఉంటే నెమ్మదైన నీటిధారతో కడిగిస్తే సగం సమస్య తీరుతుంది. ఫ్యాన్ కూడా తిరుగుతోందో లేదో చూడాలి. కంప్రెసర్ నిజంగానే పోతే పదిహేను నుంచి ముప్పై వేలు.

లోడు లారీలు కుంగదీసిన రోడ్లు సస్పెన్షన్ మీద పడతాయి. గుంతల్లో టక్ టక్ మంటే ఎక్కువసార్లు లింక్ రాడ్లే. జత మార్చడానికి రెండు మూడు వేలు చాలు. లోయర్ ఆర్మ్ బుష్‌లు, షాకబ్జర్లు, పై మౌంట్లు అన్నీ కలిపి ముందు వైపు పని పదిహేను నుంచి పాతిక వేలు. టైరు లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే అలైన్‌మెంట్ ఒక్కటే చేయించి ఊరుకోకూడదు, బుష్‌లు చూడాలి.

క్లచ్ పరీక్షకు మెకానిక్ అక్కర్లేదు. నాలుగో గేరులో మెల్లగా వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజన్ మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేట్ అయిపోయినట్టే. మామూలు క్లచ్ సెట్ కూలితో కలిపి పది నుంచి పదహారు వేలు. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉన్న డీజిళ్లలో అదీ మార్చాల్సి వస్తే ఖర్చు మూడింతలు. ఆటోమేటిక్‌లలో తొలి ఎకోస్పోర్ట్ 1.5 పెట్రోల్‌కు వచ్చిన డ్రై డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ విషయంలో జాగ్రత్త. ట్రాఫిక్‌లో వణుకుతూ కదిలే బండిని వదిలేయడమే మంచిది.

డీజిళ్లలో 2020 ఏప్రిల్‌కు ముందువి, తర్వాతివి వేరు. పాత బ్రెజాలోని 1248 సీసీ ఫియట్ ఇంజన్ స్విఫ్ట్‌లోనూ డిజైర్‌లోనూ నడిచినదే కాబట్టి సామాను ఎక్కడైనా దొరుకుతుంది, బళ్లారి షెడ్లలో కుర్రాళ్లకూ దాని పని తెలుసు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 కాలుష్య ప్రమాణపు డీజిళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్, ఉంటుంది. అది పట్టుకున్న మసిని కాల్చుకోవడానికి బండి కాసేపు ఆగకుండా వేగంగా నడవాలి. ఊళ్లోనే తిరిగితే మూసుకుపోతుంది, మార్చాలంటే యాభై వేలు దాటుతుంది. ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్‌లో టైమింగ్ బెల్టు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. కంపెనీ చెప్పిన ఆయిల్ కాక ఇంకోటి పోస్తే బెల్టు పొట్టు రాలి ఆయిల్ జల్లెడను మూసేస్తుంది. సర్వీసు బిల్లులు లేని ఎకోబూస్ట్‌ను కొనడం దండగ. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో భారత్‌లో తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించిన సంగతీ లెక్కలో ఉండాలి.

అనంతపురం బండి నంబరు ఒకప్పుడు ఏపీ 02తో మొదలయ్యేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఉమ్మడి సిరీస్ రావడంతో ఆ తర్వాతి బండి ఎక్కడిదో ప్లేటు చెప్పదు. ఎక్కడిదో తెలుసుకోవడం మాత్రం అవసరం: కోస్తా బండికి అడుగున తుప్పు ఎక్కువ. 2024 సెప్టెంబరు విజయవాడ వరదలో ఎన్నో కార్లు మునిగాయి. సీటుబెల్టు చివరిదాకా లాగి చూస్తే బురద గీత ఉందో లేదో తెలుస్తుంది. సీటు పట్టాల కింద తుప్పు, కార్పెట్ కింద వాసన కూడా చూడాలి.

ఇక కాగితాలు. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకు మించి ఉంచుకుంటే 1988 మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం కొత్త నంబరు తీసుకోవాలి. దానికి పాత ఆర్టీవో కార్యాలయం ఇచ్చే ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) కావాలి, అప్పు ఉంటే బ్యాంకు వదులుకున్నట్టు ఫారం 35 కావాలి. కర్ణాటకలో జీవితకాల పన్ను బండి వయసును బట్టి తగ్గినా, కొత్త కార్లకు దాని రేట్లు 13 శాతం నుంచి మొదలవుతాయి కాబట్టి నాలుగేళ్ల బండికి కూడా ఆ మొత్తం ఇంజన్ పనంత అవుతుంది. ఆంధ్రలో కట్టిన పన్నులో మిగిలిన వాటా వెనక్కి అడగవచ్చు, అది పాత యజమాని పేరున నడిచే పని కాబట్టి బేరంలోనే తేల్చుకోవాలి. ధర విషయంలో పాత అంచనాలు పనికిరావు: 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగి, కొత్తవాటి ధరలే తగ్గాయి. ఇన్సూరెన్స్‌ను కొన్న పద్నాలుగు రోజుల్లో తన పేరుకు మార్చమని కొత్త యజమాని కంపెనీకి అర్జీ పెట్టుకోవాలి.