పెద్దమ్మ ఊరి మీద పడవ

పెన్న ఒడ్డున పుట్టిన మాకు నది అంటే నడిచి దాటేది. ప్రొద్దుటూరులో ఆ ఇసుక మీద క్రికెట్ ఆడినవాళ్ళు వందలమంది దొరుకుతారు గానీ, పడవెక్కినవాళ్ళు మా ఈడులో ఒక్కరు కూడా నాకు తెలీదు. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రయాణం చేసి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే నది, మా దగ్గరికొచ్చేసరికి ఏడాదిలో చాలా నెలలు ఉత్త ఇసుకే. అందుకే ఫ్లోరిడాలో ఉండే మా అక్క కూతురు మొన్న సంక్రాంతికి వచ్చి, "చిన్నమ్మా, పెన్నలో కయాకింగ్ చేద్దాం" అంటే ఇంటిల్లిపాదీ నవ్వినాం.

వాళ్ళక్కడ ఆదివారమొస్తే కారు మీద కయాక్ కట్టుకుని ఊటలకు పోతారట. ఫ్లోరిడా అంతా సున్నపురాతి నేల. వానకు పడ్డ నీళ్ళు ఆ రాతి సందుల్లో దాగి, ఊటలై పైకొచ్చి నదులవుతాయి. ఏడాది పొడుగునా ఇంచుమించు 22 డిగ్రీలే. సిల్వర్ స్ప్రింగ్స్ అనే చోట అడుగున అద్దం బిగించిన పడవలున్నాయి. కూర్చున్నచోటు నుంచే కింద చేపలూ, నాచూ, ఊట ఉబికే రాతి నోరూ కనిపిస్తాయి. ఫోన్‌లో ఫొటోలు చూపించి, "మనకు ఊటలు లేవా?" అని అడిగింది.

ఎందుకు లేవు! పాపను పెన్నలోకి తీసుకుపోయి చెలమ తీసి చూపించినా. ఇసుకలో చేతులతో గుంట తోడాలి. మొదట బురదనీళ్ళు వస్తాయి, వాటిని దోసిట్లో ఎత్తి పారబోయాలి. మళ్ళీ ఊరుతాయి, మళ్ళీ పారబోయాలి. మూడోసారో నాలుగోసారో వచ్చే నీళ్ళు అద్దమే. పైన నది ఎండిపోయినా ఇసుక తన కడుపులో నీళ్ళు దాచుకుంటుంది. ఎండకు ఆవిరి కానీదు. మా చిన్నప్పుడు మోచేతి లోతు తోడితే చాలు, ముంత నిండేది. ఆరోజు పాపా నేనూ చంకల దాకా తోడినాం. ఇసుక ఎత్తుకుపోతే పోయేది ఇసుక ఒకటే కాదు. లారీలు నింపుకునేవాళ్ళకు ఆ సంగతి తెలియకనా? ఇప్పుడు ఎండాకాలంలో మైలవరం డ్యామ్ నుంచి నీళ్ళు ఎప్పుడు వదుల్తారా అని ఊరు ఎదురుచూస్తుంది.

కయాక్ సరదా మాత్రం గండికోటలో తీరింది. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని పెన్న రెండుగా కోసిన చోటు. ఆ గండి వల్లే కోటకు ఆ పేరు. కోట మీద నుంచి లోయను ఎన్నిసార్లు చూసినానో లెక్కలేదు. నీళ్ళ మీద కూర్చుని తలెత్తి చూడటం వేరే. ఇటుకలు పేర్చినట్టు పొరలు పొరలుగా ఎర్రరాయి. మనిషిని చాలా చిన్నది చేసేస్తుంది. లైఫ్ జాకెట్ బిగించుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండుకొసలా రెక్కలున్న తెడ్డు అటొకసారి ఇటొకసారి వెయ్యాలి. నేను రెట్టల బలంతో లాగుతుంటే, "నడుము తిప్పు చిన్నమ్మా, చేతులు నొప్పిపెడతాయి" అని పాప వెనకనుంచి అరుస్తానే ఉంది. గాలి ఎదురొస్తే మాత్రం నడుమూ లేదు, చేతులూ లేవు, ఉన్నచోటే ఉంటాం.

పులివెందుల వైపు కూడా పోయినాం. వేంపల్లె దగ్గర గండిలో పాపఘ్ని కూడా ఇట్లే కొండను చీల్చుకుని వస్తుంది. కానీ అక్కడ తెడ్డుకు పని దొరకలేదు, దణ్ణం పెట్టుకుని వచ్చేసినాం.

గండికోట నీళ్ళు చూసి పాప "పెన్న ఎంత నిండుగా ఉందో" అనింది. అది పెన్న ఒక్కదాని నిండుదనం కాదు. శ్రీశైలంలో కృష్ణ నీళ్ళు పోతిరెడ్డిపాడు దాటి, గోరకల్లు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో ఇక్కడికి వస్తాయి. కోటకు ఎగువన కట్టిన రిజర్వాయర్‌లో 26.85 టీఎంసీలు పడతాయి. అన్ని నీళ్ళు నిలవాలంటే చోటు కావాలి కదా. ఆ చోటులో ఊళ్ళున్నాయి. వాటిలో ఒకటి మా పెద్దమ్మ వాళ్ళ తాళ్ళప్రొద్దుటూరు. 2020లో ఖాళీ చేసి వచ్చేసినారు. నీళ్ళు వద్దని నేననను, బిందెల కోసం కొట్టుకున్న వీధిలో పెరిగినదాన్ని. అయినా ఆ నీళ్ళను చూస్తే నాకు ఒట్టి సంతోషం ఎప్పుడూ రాదు.

మరుసటిరోజు కొండాపురం వైపు నీటి ఒడ్డుకు పోతూ, కాలనీలో ఉంటున్న పెద్దమ్మను కూడా కార్లో ఎక్కించుకున్నాం. ఒడ్డున చేపలవాళ్ళ పుట్టి బోర్లించి ఉంది. వెదురు బద్దలల్లి, అడుగున పట్ట వేసి తారు పూసిన గుండ్రటి పడవ. కయాక్‌కు ముక్కుంటుంది, పోయే దిక్కు దానికి తెలుసు. పుట్టికి ముందూ వెనకా లేవు, తెడ్డు తెలియనివాళ్ళు వేస్తే బొంగరమే. పాప దాని చుట్టూ తిరిగి తిరిగి చూసి, "అవ్వా, ఎక్కుదువురా" అని పిలిచింది.

"నేనెక్కను. మా ఇంటి మీద తొక్కినట్టుంటాది."

కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మే అడిగింది, "పాపా, మీ ఊర్లో అద్దాల పడవలుంటాయంటివే. అట్లాంటిది ఇక్కడికి తెప్పిస్తే మా ఇల్లు అగుపడ్తాదా?"

పాప నీళ్ళలో చెయ్యి పెట్టి చూసుకుంది. మణికట్టు దాటితే వేళ్ళు కనిపించలేదు. ఏం చెప్పాలో తెలీక, "ఇల్లు యాడుండేది అవ్వా?" అని అడిగింది.

పెద్దమ్మ చెయ్యి చాపింది. "అదో, నీటికోడి తేలతాంది చూడు. అది రచ్చబండ కాడ. ఆడనుంచి ఎడమకు తిరిగితే మూడో ఇల్లు."

పాప ఫోన్ తీసి, మ్యాప్‌లో ఆ నీలం మీద అంచనాగా ఒక గుర్తు పెట్టింది. పేరేమని రాయాలని అడిగింది. పెద్దమ్మ ఇంటిపేరు చెప్పి, అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చదివి వినిపించమంది.