లోనికి వచ్చుదానిని పరీక్షింపవలసినవా రెవరు?

కంప్యూటరునకు పని చెప్పుటకై మనుష్యులు కల్పించిన భాషలను ప్రోగ్రామింగు భాష లందురు. బయటినుండి వచ్చు పేళ్లను, అంకెలను భాషయే పరీక్షించి లోనికి విడువవలెనా, లేక ఆ భారము ప్రోగ్రాము వ్రాయువానిదా యని మా పైతరగతుల విద్యార్థులు తఱచుగా వాదించుకొనుచుందురు. ఈ విషయమున మాకు తోచినది విన్నవించుచున్నాము.

భాష చేయదగిన పరీక్ష కొంత కలదు. 1970వ సంవత్సరమున నిక్లాస్ విర్త్ అను స్విట్జర్లాండు పండితుడు వెలువరించిన పాస్కల్ భాషలో, ఒక చలరాశి విలువ 0 మొదలు 100 వఱకే యుండవలెనని ముందుగా నియమింపవచ్చును. మార్కుల పట్టికకు ఇది మిక్కిలి తగిన యేర్పాటు. ఆ పరీక్ష అమలులో నున్నచో 910 అను అంకె వెంటనే పట్టుబడును. కాని 91 అని యెక్కింపవలసినచోట 19 అని పడినచో నేమగును? 19 కూడ 100కు లోబడినదే గనుక భాష అడ్డగింపదు. కష్టపడి చదివిన బిడ్డ తప్పినట్లగును; ఆ యింట దుఃఖము కలుగును. అందుచేతనే మేము మార్కు లెక్కించిన పిమ్మట ఒకరు జవాబు పత్రమును చూచి చదువగా, మఱియొకరు పట్టికతో సరిచూచుచుందుము.

అంతయు భాషయే చూచుకొనునని నమ్ముట వలని కీడునకు పీ.హెచ్.పీ. భాష నిదర్శనము. అందు ‘మ్యాజిక్ కోట్స్’ అను ఏర్పాటొకటి యుండెడిది. బయటినుండి వచ్చు మాటలలో ఉద్ధరణ చిహ్న మున్నచో, దానికి ముందు వెనుకకు వాలిన గీత నొకదానిని అది తానే చేర్చెడిది. ఆ చిహ్నము చాటున దుష్టులు డేటాబేసునకు కపటాజ్ఞలు పంపకుండుటకై యీ యుపాయము పన్నిరి. ఉద్దేశము మంచిదే. అయినను ఇంగ్లీషున నట్టి చిహ్నముతో వ్రాయబడు డిసౌజా, ఓబ్రయన్ వంటి పేళ్ల నడుమ అక్కఱలేని గీతలు పడుచుండెను. చిహ్న మక్కఱలేని కపటములు మాత్రము ఆగలేదు. రక్షణ కలదను ధైర్యముచే వ్రాయువారు ఏమఱుచుండిరి. తుదకు 2012వ సంవత్సరమున వెలువడిన 5.4వ కూర్పులో దానిని తొలగించిరి.

పెర్ల్ భాషలోని ‘టెయింట్’ పద్ధతి మాకు మేలుగా తోచుచున్నది. దాని నెన్నుకొన్నచో, బయటినుండి వచ్చినదంతయు శంకింపదగినదిగా గుర్తింపబడును. వ్రాయువాడు దానిని ఒక నమూనాతో పోల్చి, తగిన భాగమును గ్రహించువఱకు, ఫైళ్లను మార్చుట, ఇతర ఆజ్ఞలను నడుపుట మొదలగు పనులకు భాష దానిని వాడనీయదు. ఏది సరియో నిర్ణయించు పని వ్రాయువానికే విడుచును. పరీక్షింప మఱచినచో మాత్రము ముందుకు సాగనీయదు.

కావున రూపమును, పరిమితిని భాష చూడవలెననియు, పరీక్ష మఱచినవానిని హెచ్చరింపవలెననియు మా యభిప్రాయము. అర్థమును చూచుట పని యెఱిగిన మనుష్యుని వంతు. విద్యార్థులారా! మీ ప్రోగ్రాములోనికి వచ్చు ప్రతి పేరు వెనుకను, ప్రతి అంకె వెనుకను ఒక మనుష్యుడు కలడని తలంచి, శ్రద్ధతో సరిచూడుడు.