కుంగిన మంచం

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ జనాభాలో నేనూ ఒకణ్ణి. సెకండియర్‌లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ అని ఓ సబ్జెక్టు ఉండేది, గుర్తుందా? రెండు చివర్లా ఆనించిన దూలం మీద బరువు పెడితే మధ్యలో ఎంత కుంగుతుంది అని లెక్కలు. ఐదు డబ్ల్యూ ఎల్ పవర్ ఫోర్ బై 384 ఈ ఐ. పరీక్ష రాసి బయటికొచ్చాక దాంతో మళ్ళీ పని పడలేదు. ఇన్నేళ్ళకి మొన్న వర్షాకాలంలో పడింది, అదీ మా అమ్మమ్మ మంచం దగ్గర.

మాది గుడివాడ. అమ్మమ్మ వాళ్ళది దివిసీమ, అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్ళే దారిలో ఒక పల్లె. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలాక అటో పాయ, ఇటో పాయ, కింద సముద్రం, మధ్యలో మిగిలిన నేలే దివిసీమ. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని ఓ పది రోజులు ఉందామని వెళ్ళా. (నెట్ సంగతి అడక్కండి.)

వెళ్ళిన రాత్రే చూసా. గదిలో డబుల్ కాట్ ఖాళీగా ఉంది, అమ్మమ్మ పక్కనే నేల మీద చాప వేసుకుని పడుకుంది. ఎందుకని అడిగితే, "దాని మీద నిద్ర పట్టట్లేదురా. గుంటలో పడుకున్నట్టుంటది. పక్కకి తిరిగితే కిర్రుమంటది, ఏ అర్ధరాత్రో విరుగుద్దేమోనని భయం. నేలైతే చదునుగా ఉంటది కదా" అంది.

వేరే ఊరైతే నేనూ సర్లే అనుకునేవాణ్ణి. దివిసీమలో వర్షాకాలం నేల మీద పడుకోవడం అంటే మాత్రం అంత తేలిగ్గా తీసుకునే విషయం కాదు. చేలల్లోకి నీళ్ళు రాగానే పాములు మెరక వెతుక్కుంటాయి. మెరక అంటే గట్లు, గడ్డివాములు, ఇళ్ళు. 2018 ఆగస్టులో ఇక్కడ పాము కాటు కేసులు ఎంతగా పెరిగాయంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం చేయించారని దేశమంతా వార్తలొచ్చాయి. యాగం మీద అప్పుడు మా ఆఫీసులో చాలా జోకులు నడిచాయి. ఆ జోకులేసిన వాళ్ళలో ఒక్కడూ వర్షాకాలంలో నేల మీద చాపేసుకుని పడుకునే రకం కాదు.

నన్ను భయపెట్టింది కట్లపాము. నాగుపాము పడగ విప్పుతుంది, రక్తపింజరి బుస కొడుతుంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. కరిచినా నొప్పి పెద్దగా ఉండదు, చాలాసార్లు మెలకువే రాదు. తెల్లారేసరికి కడుపులో నొప్పి, కనురెప్పలు వాలిపోవడం, ఆ తర్వాత ఊపిరి అందకపోవడం. 2020లో ఈలైఫ్ అనే పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో పోయినవాళ్ళు దాదాపు 12 లక్షలు, అంటే ఏడాదికి సగటున 58 వేలు. చావులు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. డాక్టర్లు చెప్పే జాగ్రత్తల్లో ముందు వరసలో ఉండేది చాలా చవకైంది: నేల మీద కాకుండా మంచం మీద, దోమతెర కట్టి, అంచులు పరుపు కిందకి దోపి పడుకోమని. 2007లో నేపాల్‌లో చేసిన ఒక అధ్యయనం కూడా దోమతెర పాము కాటు నుంచి కాపాడుతోందనే తేల్చింది.

అంటే ఈ ఊళ్ళో మంచం ఫర్నిచర్ కాదు, హెల్మెట్ లాంటిది. అది కుంగిపోయి అమ్మమ్మని నేలకి దించేసింది.

మావయ్య ఏమీ పట్టించుకోలేదని కాదు. రెండేళ్ళలో రెండు పరుపులు మార్చాడు. ముందు దూది పరుపు, తర్వాత ఆరంగుళాల ఫోమ్ పరుపు. కింద పలక గుంటపడితే పైన ఎంత ఖరీదైన పరుపు వేసినా అదీ ఆ గుంటలోకే దిగుతుంది. సర్వర్ మెమరీ లీకవుతుంటే రోజూ రీస్టార్ట్ చేసి టికెట్ క్లోజ్ చేసే బాపతు :)

మర్నాడు పరుపు తీసేసి, ఈ పట్టె నుంచి ఆ పట్టెకి పురికొస లాగి కట్టి కొలిచా. మధ్యలో రెండంగుళాలు దిగి ఉంది, మనిషెవరూ లేకుండానే. ఆరడుగుల పైచిలుకు పొడవు, నాలుగడుగుల వెడల్పు మంచానికి మొత్తం మీద ఒకే ఒక్క అడ్డపట్టీ. అది కూడా మూడంగుళాల వైపు పడుకోబెట్టి కొట్టారు. దాని మీద 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్. అడ్డపట్టీ చివరలు ఆనే చిన్న చెక్కముక్కలకి మామూలు ఇనప మేకులు. సముద్రపు గాలికి ఆ మేకులు తుప్పుపట్టి సగం అరిగిపోయాయి. కిర్రుమనే శబ్దం అక్కడిదే. షోరూంలో తళతళలాడే పాలిష్ చూసి కొన్నది, కింద వంగి చూసేవాళ్ళు ఎవరుంటారు?

పైగా చెక్కకి ఒక గుణం ఉంది. ఎక్కువకాలం బరువు మోస్తే వంపు శాశ్వతంగా ఉండిపోతుంది, గాల్లో తేమ ఉంటే ఇంకా త్వరగా వంగుతుంది. వాడిన ప్లై ఎమ్మార్ రకం. మాయిశ్చర్ రెసిస్టెంట్ అని పేరు ఘనంగా ఉంటుంది కానీ, అది మామూలు ఇంటి చెమ్మకి తట్టుకునే సరుకు, దివిసీమ వానాకాలానికి కాదు.

ఇక్కడే పాత ఫార్ములా పనికొచ్చింది. పరచి ఉన్న బరువు కింద కుంగడం అనేది పొడవుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఆనికల మధ్య దూరం సగం చేస్తే కుంగడం సగం కాదు, పదహారో వంతు అవుతుంది. అంటే ఇంకో రెండు అడ్డపట్టీలు వేసి మూడడుగుల ఖాళీని అడుగున్నరకి తెస్తే చాలు. మందం అయితే మూడో ఘాతం. అదే మూడు బై ఒకటిన్నర అంగుళాల పట్టీని పడుకోబెట్టకుండా నిలబెడితే నాలుగు రెట్లు గట్టి. పాత కాయితం వెనకాల ఇదంతా లెక్కేసి మురిసిపోతుంటే, ఊళ్ళో వడ్రంగి ఆచారి గారు వచ్చి మంచం కింద ఒక్కసారి చూసి, "పట్టీ పడుకోబెట్టాడండీ, నిలబెట్టాలి. ఇంకో రెండు వెయ్యాలి" అన్నారు. అయిపోయింది నా నాలుగేళ్ళ చదువు.

అన్నట్టు డల్లాస్‌లో ఉన్న నా ఫ్రెండ్ ఒకడు సెకండ్‌హ్యాండ్ క్యాంపర్ ట్రైలర్ కొన్నాడు. వాడికి ఈ కథ చెప్తే, దాంట్లో మంచానికీ ఇదే రోగం అన్నాడు. బరువు తగ్గాలని పల్చటి ప్లై, కింద సామాన్ల అర ఉండాలని మధ్యలో ఆనిక లేకుండా వదిలేయడం. కోడు పెట్టడానికి చోటు లేక వాడు అల్యూమినియం యాంగిల్స్ అడ్డంగా బిగించాడట. నాకా ఇబ్బంది లేదు, కింద నేలే కదా అనుకుని మధ్య పట్టీ కింద ఐదో కోడు పెడదామన్నా.

ఆచారి గారు ఒప్పుకోలేదు. కాదు, ఒప్పుకున్నారు కానీ నేను చెప్పినట్టు కాదు. "మీ గచ్చు ఏటా కుంగుద్దండీ. మధ్య కోడు నాలుగు కోళ్ళతో సమానంగా కోస్తే ఒక ఏడు గాల్లో ఉంటది, ఇంకో ఏడు మంచం దాని మీద ఊగుద్ది. అంగుళం పొట్టిగా కోద్దాం, కింద చీలిక కొడదాం. వదులైనప్పుడల్లా చీలిక మీద ఒక దెబ్బ వేసుకోండి" అన్నారు.

అమ్మమ్మ గుమ్మంలో కూర్చుని వింటోంది. "మీ తాతయ్య నులక బిగించినట్టు" అంది. వాళ్ళ పాత పట్టెమంచం 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇంటితో పాటే పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు నులక మంచాలే. ఆ మంచానికి కాళ్ళ వైపు జానెడు ఖాళీ వదిలి అడ్డంగా తాడు లాగి ఉంటుంది, చూసే ఉంటారు. నులక సాగుతుంది అని అల్లినవాడికి ముందే తెలుసు, అందుకే బిగించుకునే తాడు మంచంలోనే పెట్టాడు. మన డబుల్ కాట్ చేసినవాడు మాత్రం ఇది ఎప్పటికీ కుంగదు అన్నట్టు చేశాడు, కుంగాక చెయ్యడానికి ఏమీ మిగల్చలేదు.

బందరు వెళ్ళి 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లై తెచ్చా. షీటు మీద ఐ.ఎస్. 710 ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి, మాట మీద నమ్మొద్దు. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి. అడ్డపట్టీలకి, కోడుకి ఆచారి గారి దగ్గరే ఆరిన తుమ్మ చెక్క దొరికింది. పాత పట్టీని కూడా తిప్పి నిలబెట్టారు. ఒక పూట పని. మొత్తం ఖర్చు మావయ్య కొన్న ఫోమ్ పరుపు ధరలో మూడో వంతు కూడా కాలేదు. మంచాన్ని గోడకి జానెడు దూరం జరిపి, కర్రలు కట్టి దోమతెర వేశాం.

సాయంత్రం అమ్మమ్మ వెంటనే పడుకోలేదు. ముందు అంచున కూర్చుంది, తర్వాత మధ్యకి జరిగింది, రెండు మూడు సార్లు అటూ ఇటూ కదిలి శబ్దం కోసం చెవి పెట్టింది. రాలేదు. "ఇందాక ఆచారి ఏదో కొట్టాడే, ఆ సుత్తి ఎక్కడ పెట్టారు?" అంది. చీలిక కోసం ఒక సుత్తి ఇంట్లో ఉండాలట. అవనిగడ్డలో కొనిచ్చా. ఇప్పుడది మంచం కింద, ఐదో కోడు పక్కనే ఉంటోంది.