కోతల కాలంలో పిల్లలు

సంక్రాంతి దాటితే వినుకొండలో నా ఓపీకి ఎర్రబడ్డ కళ్లతో పసిపిల్లలు వస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ అప్పటికే కళ్లకలక అని చుక్కలు వేసి ఉంటాడు. చాలాసార్లు అది తల్లి చేతి కారం. పొద్దుటి నుంచి మిరపకాయలు కోసిన వేళ్లతోనే బిడ్డను ఎత్తుకోవాలి, పాలివ్వాలి. ఆ ఘాటు నీళ్లలో కరిగేది కాదు, ఎంత కడిగినా పోదు. ముందు నూనె రాసుకుని తర్వాత సబ్బుతో కడుక్కోమని చెబుతాను. కోత కూలీల ముఠాలో పెద్దవాళ్లకు ఈ సంగతి తెలుసు. చేలో నూనె సీసా, సబ్బు, బిందెడు నీళ్లు ఎవరు పెడతారన్నదే తేలదు.

కళ్లు రెండు రోజుల్లో తేరుకుంటాయి. నన్ను కలవరపెట్టేది బరువు. ఏడాదిలో డబ్బు చేతికొచ్చే నెలల్లోనే ఈ పిల్లలు చిక్కిపోతారు.

వీళ్లలో ఎక్కువమంది బొల్లాపల్లి మండలం తండాల వాళ్లు. అక్కడి పెద్దవాళ్లు ఏ సంగతి చెప్పినా 'అన్నలున్న రోజుల్లో' అని మొదలుపెడతారు. అన్నలంటే మావోయిస్టులు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వానికీ మావోయిస్టులకూ చర్చలు జరిగాయి. 2005 జనవరికల్లా తెగిపోయాయి, నల్లమల మళ్లీ కాల్పులతో దద్దరిల్లింది. అర్ధరాత్రి కోడలికి నొప్పులొస్తే బండి కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదనీ, దారిలో పోలీసులు ఆపుతారో అన్నలు ఆపుతారో అని భయమనీ ఒక అవ్వ నాతో చెప్పింది. ఆ కాన్పులో బిడ్డ దక్కలేదు.

తుపాకులు ఆగాక రోడ్డు బాగుపడింది, 108 వచ్చింది, ఆస్పత్రిలో కాన్పు మామూలైంది. ఇది చిన్న మార్పు కాదు. కానీ పొలాలకు నీళ్లు రాలేదు. సాగర్ కుడికాలువ ఈ ప్రాంతం మీదుగానే పోతున్నా బొల్లాపల్లి మెరక భూములకు అందదు. వరికపూడిసెల ఎత్తిపోతలకు 2023 నవంబరులో శంకుస్థాపన చేశారు, ఇంకా పూర్తి కాలేదు. అందుకే వానపంట అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు కోతలకు బయల్దేరతాయి. కొందరు గుంటూరు దాకా పోతారు, కొందరు కాలువ కింది చేలగట్ల మీద పట్టాలు కట్టుకుని దిగుతారు. 108 వచ్చే రోడ్డు మీదే కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ ఆటో కూడా వస్తుంది.

అలాంటి ఒక చేను నుంచి పద్నాలుగు నెలల బాబును తెచ్చారు. వాణ్ణి చంకనెత్తుకున్నది తొమ్మిదేళ్ల అక్క, తల్లి వెనక నిలబడింది. జబ్బ కొలిస్తే 11 సెంటీమీటర్లు. 11.5 కన్నా తగ్గితే ప్రాణానికి ముప్పు. ఏం తింటున్నాడని తల్లిని అడిగితే అక్క జవాబు చెప్పింది. "కూరలో కారం నీళ్లతో కడిగి అన్నంలో పెడతా సార్." పోషణ పునరావాస కేంద్రంలో రెండు వారాలు ఉండాలన్నాను. "కోతలయ్యాక వస్తాం సారూ, అడ్వాన్సు తీసుకున్నాం" అంది తల్లి. బడి సంగతి అడిగితే ఆ పిల్ల కూడా కోతలయ్యాకే అంది. తల్లి ఒక్కతి కూలికి పోతే తమ్ముడి తిండీ అక్క చదువూ రెండూ పోతున్నాయి.

వీళ్ల గుడ్లూ పాలూ తండా అంగన్‌వాడీలోనే ఉండిపోతాయి. వలస వెళ్లిన చోట పేరు నమోదు చేసుకునే వీలు పోషణ్ ట్రాకర్‌లో ఉంది. కానీ చేలో దిగిన తల్లికి ఆ సంగతి చెప్పేవారెవరు? ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని చోట, అడిగిన మూడు నెలల్లోగా ఇవ్వాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పు. మూడు నెలలు తిరిగేసరికి కోతలు అయిపోతాయి, చేను ఖాళీ అవుతుంది.

పోయినేడు ఒక రైతును అడిగాను. ముఠాలో ఒక పెద్దావిడను కోతకు పంపకుండా పిల్లల దగ్గర కూర్చోబెట్టమన్నాను, ఆమెకు అందరితో సమానంగా కూలి ఇమ్మన్నాను. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. వేపచెట్టు కింద పట్టా కట్టించి, పురుగుమందు డబ్బాలు అటు రాకుండా చూసుకున్నాడు. ఆ ఊరి ఏఎన్‌ఎం వారానికోసారి వెళ్లి జబ్బలు కొలిచింది, అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి గుడ్లు ఇప్పించింది. ఆ చేలో ఏ బిడ్డా చిక్కిపోలేదు. తమ్ముళ్లను మోసే ఇద్దరు ఆడపిల్లలు పక్కూరి బడికి పోయారు.

ఏటా ఈ ముఠాలు ఎక్కడ దిగుతాయో మేస్త్రీలకు ముందే తెలుసు. ఈసారి సెప్టెంబరులో, తోటలు వేసేటప్పుడే వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడతాం. అంగన్‌వాడీ కోసం అర్జీ కూడా అప్పుడే పెడితే ఆ మూడు నెలల గడువు మొదటి కోతలోపే తీరుతుంది.