గండికోటకు మోసికొనిపోయిన సంచి

కడపజిల్లాలోని జమ్మలమడుగునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున గండికోట యున్నది. ఎఱ్ఱమల కొండలను నిలువున కోసికొని పెన్నానది పాఱుచోట నేర్పడిన లోతైన లోయయే గండి. దాని యంచున వెలసినది గనుక కోటకా పేరు వచ్చినది. ఒక ప్రక్క నదియే యగడ్తవలె కాచుచుండుటచేత ఆ వైపునుండి శత్రువునకు దారి లేకుండెను. విజయనగర ప్రభువుల కాలమున పెమ్మసాని నాయకులు దీని నేలిరి. పిమ్మట నిది గోలకొండవారి సేనాని మీర్ జుమ్లా వశమయ్యెను. 1652వ సంవత్సరమున ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే అతనిని చూచుటకై యిచ్చటికి వచ్చెను.

కోటలోపల మాధవరాయస్వామి గోపురమును, రంగనాథస్వామి యాలయమును, జుమ్మామసీదును, పెద్ద ధాన్యపుకొట్టును కలవు. మసీదు దాటి కొంతదూరము నడచిన పిమ్మట దారి యనునది యుండదు. ఎఱ్ఱని బండలపై నొకదానినుండి మఱియొకదానికి కాలు చాపుచు పోవలెను. చిట్టచివరి బండపై నిలిచి చూచిన, క్రింద నెంతో లోతున పెన్న కనబడును. అచ్చట గాలి పైటను నిలువనీయదు.

మేమిద్దర మక్కచెల్లెండ్రము మా యమ్మను వెంటబెట్టికొని 2019వ సంవత్సరము నవంబరులో మొదటిసారి యచ్చటికి పోయితిమి. అమ్మ పుట్టినిల్లు ఆ ప్రాంతముననే యైనను, పెండ్లియై వచ్చిన తరువాత నలువది యేండ్లుగా ఆమె గండిని చూడలేదు. ఆమెను ఆ యంచున కూర్చుండబెట్టి యొక చిత్రము తీయవలెనని మా కోరిక. అందుకొఱకే మంచి కెమెరా కొంటిమి. కెమెరా కొనుటకు ముందు నెలదినములు నలుగురిని విచారించితిమి. దానిని మోయు వీపుసంచిని మాత్రము గడియసేపైనను విచారింపక, "పెద్దదైన నన్నియు పట్టును గదా" యని యంగడిలోనున్న వానిలో మిక్కిలి పెద్దదానిని తెచ్చితిమి.

సంచి పెద్దదైనచో దానిని నింపు వస్తువులు వాటంతట నవియే వచ్చి చేరును. కెమెరాలు రెండు, లెన్సులు నాలుగు, ముక్కాలి స్టాండు, ఫ్లాషు, చార్జరు, నీళ్లసీసాలు, అమ్మ మందులు, చిరుతిండి పొట్లములు, ఒక దుప్పటి - అన్నియు దానిలోనే. పోవునా పోవదా యని మా చేతి ఫోనులను గూడ భద్రమని తలచి దాని యడుగు అరలోనే పెట్టితిమి. తిరిగి వచ్చిన పిమ్మట తూచి చూడగా 11 కిలోలు తూగినది. ముందుగా తూచియుండిన నీ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోయెడిది.

కోటవాకిలి దాటునప్పటికే భుజములు లాగసాగెను. వంతులవారిగా మోసితిమి. బండలపై కాలు చాపినప్పుడెల్ల సంచి యొక ప్రక్కకు ఊగి మమ్మును గూడ లాగుచుండెను. అమ్మ యిది చూచి, "ఆ నీళ్లసీసాలైన నాకిండే, నేను పట్టుకుంటాను" అని రెండు చేతులతో రెండు సీసాలు పట్టికొని, మాకంటె ముందుగా బండలెక్కి పోయినది.

మేము చేరునప్పటికి ఆమె యంచునకు నాలుగడుగుల యీవల నొక బల్లపరుపు బండపై కూర్చుండి యుండెను. సాయంకాలపు టెండ రాళ్లపై పడి యవి నిప్పువలె నెఱ్ఱబాఱినవి. గాలికి పైట యెగురుచుండగా దానిని పట్టికొని ఆమె చిన్నపిల్లవలె నవ్వుచుండెను. మేము సంచి దింపితిమి. దాని నోరు ముందువైపున నున్నది. ఆ నోటికడ్డముగా ముక్కాలి కట్టబడియున్నది. ముడి విప్పి, సంచిని వెల్లకిల పరుండబెట్టుటకు సమమైన చోటు వెదకి, జిప్పు తెఱచి, దుప్పటి తీసి, పొట్లములు తీసి, కెమెరాకు తగిలించియున్న లెన్సు తగినది గాదని తెలిసి దానిని మార్చి తలయెత్తునప్పటికి సూర్యుడు కొండచాటునకు పోయెను. అమ్మ లేచి చీర దులుపుకొనుచుండెను. "పోనీలేండే, చూడవలసినది నేను చూశాను గదా" అన్నది. ఆమె యెగుడుదిగుడు రాళ్లపై చీకటి పడక ముందే దిగవలెను. చిత్రము లేకయే దిగివచ్చితిమి.

మఱునాడు సుమారు 60 కిలోమీటర్ల దూరముననున్న బెలుం గుహలకు పోయితిమి. ఇవి నేడు నంద్యాలజిల్లాలో చేరినవి. మొత్తము పొడవు 3,229 మీటర్లు. అందులో యాత్రికులు నడచుటకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు మేర దీపములు పెట్టి తీర్చిదిద్దినారు. 1884వ సంవత్సరమున రాబర్టు బ్రూస్ ఫూట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వీనిని గుర్తించి వ్రాసెను. నీరు సున్నపురాతిని వేలయేండ్లు కరగించి చేసిన సొరంగములివి. కొన్ని చోట్ల వంగి పోవలెను. అట్టిచోట్ల వీపుననున్న పెద్దసంచి పైరాతికి రాచుకొని మమ్ము ముందుకు పోనీయలేదు. లోపల ఉక్క, గాలిలో తేమ. చల్లని కారులోనుండి దిగి సరాసరి లోపలికి పోయి కెమెరా తీయగా లెన్సుపై ఆవిరి క్రమ్మినది. సంచి మూసియుంచి, కెమెరాకు ఆ వేడి మెల్లమెల్లగా పట్టనిచ్చి తీయవలెనని అప్పుడు నేర్చుకొంటిమి.

"ఆడువారికేల యీ మోత?" యని యింటికి వచ్చిన బంధువొక రనిరి. హోమాయి వ్యారావాలా (1913-2012) యను నామె మన దేశమున తొలి పత్రికా ఛాయాచిత్రకారిణి. నేటి కెమెరాలకంటె ఎన్నో రెట్లు బరువైన పరికరములతో, చీర కట్టుకొని, ఢిల్లీ వీధులలో సైకిలుపై తిరిగి ఆమె చిత్రములు తీసెను. 2011వ సంవత్సరమున ఆమెకు పద్మవిభూషణ బిరుదము లభించినది. కావున మోయరాదని కాదు. మోయు తీరు తెలియవలెను. మా తప్పు బలములో లేదు, సంచిలో నున్నది. మరల సంచి కొన్నప్పుడు మేము పాటించిన విషయములను సోదరీమణుల కుపయోగపడునని యిచ్చట వ్రాయుచున్నాము.

మొదట అంగడికి పోకముందు తీసికొనిపోదలచిన వస్తువులన్నియు మంచముపై పఱచి తూచవలెను. పోయినసారి వెళ్లినప్పుడు వానిలో నేది నిజముగా వాడితిమో చూచుకొనవలెను. మా నాలుగు లెన్సులలో రెండు బయటికే రాలేదు. మిగిలినవానిని బట్టి సంచి కొలత నిశ్చయింపవలెనుగాని, సంచిని బట్టి వస్తువులను గాదు. ఖాళీ సంచిని గూడ తూచవలెను. దళసరి స్పాంజి పెట్టిన పెద్దసంచులు కొన్ని ఖాళీగానే రెండు కిలోలు తూగును.

రెండవది, మన వీపు కొలత. తల ముందుకు వంచిన మెడ మొదట నొక యెముక పొడుచుకొని కనబడును. అచ్చటినుండి, నడుమునకిరువైపుల చేతులు పెట్టినప్పుడు తగులు తుంటియెముకల పైయంచు వఱకు దర్జీటేపుతో కొలువవలెను. ఇదియే వీపు పొడవు. మనిషి పొడుగైనంత మాత్రమున వీపు పొడవుగా నుండవలెనని లేదు. ఈ కొలతకు సరిపడని సంచికి నడుముపట్టీ కడుపుమీదకో తొడలమీదకో వచ్చును. సరిగా కుదిరిన వెడల్పాటి నడుముపట్టీ తుంటియెముకలపై కూర్చుండి, భుజములపైనున్న బరువులో పెద్దభాగమును తనపై వేసికొనును. బిందెను చంకనెత్తిన మన యమ్మమ్మలు దానిని తుంటిపై నానించుటలోని కిటుకే యిది. భుజపట్టీలు వంపు తిరిగి రొమ్మునకు ప్రక్కగా పోవునట్లుండవలెను. రెండు పట్టీలను కలుపు అడ్డపట్టీని పైకి క్రిందికి జరుపుకొను వీలుండవలెను.

మూడవది సంచి నోరు. మీద తెఱచునవి, ముందు తెఱచునవి, వీపువైపున తెఱచునవి, ప్రక్కన తెఱచునవి యని నాలుగు తీరులు. ముందు తెఱచుదానిని దించి పరుండబెట్టినప్పుడు మన వీపునకు తగులు పట్టీలు బురదలో పడును. క్రిక్కిరిసిన బస్సులో వెనుకనున్నవారి చేతికి జిప్పు అందును. వీపువైపున తెఱచుదానికి ఈ రెండు బాధలును లేవు. ప్రక్కన గూడ నొక చిన్న నోరున్నచో, ఒక భుజపట్టీ జార్చి సంచిని ముందునకు త్రిప్పికొని, నేలపై దింపకయే కెమెరా తీయవచ్చును. మేమీ రెండును కలదానిని ఎంచుకొంటిమి. అంగడిలోనే మా కెమెరాను దానిలో పెట్టి, తగిలించుకొని, అటునిటు పావుగంట నడచి, పదిసార్లు తీసి పెట్టి చూచితిమి. అమ్మువాడు విసుగుకొన్నను మేము సిగ్గుపడలేదు.

లోపలి అరలను విడదీయు మెత్తని అడ్డుగోడలు వెల్క్రోతో అతుకునవై, కావలసినట్లు మార్చుకొన వీలుగా నుండవలెను. బరువైన లెన్సు వీపునకు దగ్గఱగా నుండవలెను. దూరముగా నున్నచో వెనుకకు లాగును. నీళ్లసీసాకు బయట అర యుండవలెను. నీరును కెమెరాయు నొకే యింటిలో కాపుర ముండరాదు. వానకు తొడుగు వేఱుగా నుండవలెను. తేమ పీల్చు సిలికాజెల్ పొట్లము లొకటి రెండు లోపల వేసిన మేలు. విమానమున పోవువారు మన దేశీయ ప్రయాణములలో చేతిసంచికి సామాన్యముగా 7 కిలోలే హద్దని మఱువరాదు. అదనపు లిథియం బ్యాటరీలను సామానులో వేయనీయరు, చేతిసంచిలోనే యుంచుకొనవలెను. పైన పెద్ద యక్షరములతో కెమెరా కంపెనీ పేరు వ్రాసియున్న సంచికంటె సాదాసంచి మేలు. రైలులో దొంగకు మనమే చెప్పినట్లు కాకుండును.

2023వ సంవత్సరము డిసెంబరులో మేము మరల గండికోటకు పోయితిమి. ఒక కెమెరా, రెండు లెన్సులు, రెండు బ్యాటరీలు, ఒక నీళ్లసీసా - సంచితో గూడ 5 కిలోలు దాటలేదు. ముక్కాలిని ఇంటనే విడిచితిమి. బండలపై రెండు చేతులును ఖాళీగా నుండెను, సంచి యూగలేదు. ఆ బల్లపరుపు బండను గుర్తించి, ఎండ యెఱ్ఱబాఱు వేళకు ముందే దాని యెదుట నిలిచితిమి. కావలసినన్ని చిత్రములు తీసితిమి. అమ్మ మాత్రము రాలేదు. ఆ నాలుగేండ్లలో ఆమె మోకాళ్లు అరిగి, మేడమెట్లు గూడ ఎక్కలేని స్థితి వచ్చినది.

ఇంటికి వచ్చి ఆ చిత్రములను పెద్దవిగా అచ్చువేయించి ఆమె చేతికిచ్చితిమి. కన్నులద్దములు పెట్టికొని చాలసేపు చూచినది. ఒకదానిపై వ్రేలుంచి, "ఇది నేను కూచున్న బండే కదూ?" అన్నది. ఔనంటిమి. "బండ బాగా వచ్చింది" అని నవ్వినది. ఆ మాటలో నిష్ఠురము లేదు. మాకు మాత్రము కన్నులు చెమర్చినవి.

ఆనాటినుండి ఆ సంచిని అలమారులో పెట్టుట మానితిమి. వంటయింటి వాకిలి ప్రక్క కొక్కెమునకు, ప్రక్కజిప్పు మావైపుండునట్లు తగిలించియుంచితిమి. అమ్మ పెరటిలో తులసికి నీరు పోయునప్పుడును, మనుమరాలికి జడ వేయునప్పుడును, వాకిట కూర్చుండి చిక్కుడుకాయలు వలుచునప్పుడును కెమెరా చేతికి వచ్చుచున్నది. గండి చిత్రము ప్రక్కన నిప్పుడు గోడమీద అమ్మ చిత్రములు ఏడున్నవి.