పుష్పకమునకు ఇంజనెక్కడ?

అమీరుపేట కూడలి నుండి పంజగుట్టకు పోవు దారిలో, మైత్రీవనము మొదలు నిమ్స్ ఆసుపత్రి వరకు గల ఆ కొద్దిపాటి దూరములో, వైజ్ఞానిక కల్పన వ్రాయువాడు భయపడదగిన పాఠకులు దొరకినంతగా తెలుగుదేశమున మరెక్కడను దొరకరేమో; ఒక చివర జావాయు ఒరాకిలును నేర్చుకొనుటకై ఊళ్ళనుండి వచ్చి హాస్టళ్ళలో మంచము అద్దెకు తీసికొన్న యువకులు, మరియొక చివర మనుష్యుని మెదడును, మూత్రపిండమును చేతులతో ముట్టి చూచిన వైద్యులు. కథానాయకుడు కీబోర్డు మీద రెండు మీటలు నొక్కి బ్యాంకును లోబరచుకొనెనని వ్రాసితిమా, మొదటివారు నవ్వుదురు. తల మార్చి మరునాడే నడిపించితిమా, రెండవవారు పుస్తకము మూసెదరు.

ఈ భయము చేతనే మన కథకులు కొందరు పాత్రల నోట పాఠము చెప్పింతురు. యంత్రము పేరు, దాని వర్షన్ సంఖ్య, లోపలి భాగముల జాబితా ఏకరువు పెట్టి, ఇక మమ్ము తప్పుపట్టువాడెవడని ధీమాగా కూర్చుందురు. పాపము, ఆ పేర్ల ఆయుర్దాయము అమీరుపేట ఫ్లెక్సీల ఆయుర్దాయమే. 2000 సంవత్సరపు చిక్కు విప్పుటకు కోబాల్ తెలిసినవారు కావలసివచ్చిన దినములలో ఆ పేరునకే గిరాకి; పిమ్మట జావా, శాప్, నేడు కృత్రిమ మేధ. పాతదానిని విప్పువరకైనను ఆగక దానిమీదనే క్రొత్తది కట్టుదురు.

లెక్క చెప్పినంత మాత్రమున కల్పన నిలువదనుటకు జూల్ వెర్న్ కంటె పెద్ద సాక్షి లేడు. 1865లో ఆయన ముగ్గురు మనుష్యులను చంద్రుని కడకు పంపుటకు 900 అడుగుల ఫిరంగి పోతపోయించి, గుండు సెకండునకు 12,000 గజముల వేగమున వెడలవలెనని కొలిచి చెప్పెను. ఆ వేగము దాదాపు సరియైనదే. కాని ఆ రెండంకెలను పట్టుకొని ఇంటరు చదువు బాలుడొకడు లెక్కకట్టి చూచినచో, గొట్టము దాటులోపల ప్రయాణికుల మీద పడు ఒత్తిడి భూమ్యాకర్షణకు 20,000 రెట్లకు మించునని తేలును. అడుగున పరచిన నీటి మెత్త వారిని కాపాడజాలదు. 1901లో హెచ్.జి. వెల్స్ ఆకర్షణశక్తిని అడ్డగించు 'కావొరైట్' అను పదార్థమును కల్పించి చేతులు దులుపుకొనగా, ఆ లోహమేదో చూపుమని వెర్న్ ఎద్దేవా చేసెను. చూపనక్కరలేకపోవుటయే వెల్స్ బలము. తప్పుపట్టుటకు అందు అంకెలే లేవు.

మన వాల్మీకి ఈ గుట్టు ఎరిగినవాడు. వానరులందరు ఎక్కినను పుష్పకములో చోటు చాలదనలేదు; ఏ ఇంధనముతో ఎగిరెనో కవి చెప్పలేదు, వినువాడు అడుగలేదు. సుబ్బరాయశాస్త్రిగారు 1918 మొదలు 1923 వరకు చెప్పగా వ్రాసికొనబడిన 'వైమానిక శాస్త్రము' మాత్రము భాగములను, లోహములను పేరుపేరున వర్ణించి, పటములను సైతము చేర్చుకొనెను. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు వానిని పరీక్షించి, ఇవి ఎగురజాలవని తేల్చిరి. పుష్పకము మీద అట్టి నివేదిక వ్రాయుట ఎవరికిని వీలుపడలేదు.

అట్లని మబ్బుమాటలు వ్రాసి మాయయని తప్పించుకొనువానిని నేను మెచ్చను. 1957 నాటి 'మాయాబజార్'లోని ప్రియదర్శిని పేటికను తలచుకొనుడు: మూత తెరచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనది అందు కనబడును, శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు శిష్యుడైన దుర్యోధనుడు, రేవతికి నగలు. లోన అద్దమున్నదో దీపమున్నదో మనకు తెలియదు, నియమము మాత్రము తప్పదు. పెట్టెలో ఏమున్నదో దాచవచ్చును గాని, పెట్టె ఏమి చేయజాలదో దాచరాదు. కథ చిక్కున పడినప్పుడెల్ల యంత్రమునకొక క్రొత్త శక్తిని తగిలించు రచయితను ఏ సాంకేతిక పదజాలమును కాపాడజాలదు.

అమీరుపేటలో ఆదిత్య ఎన్‌క్లేవు పేరు చూచినప్పుడెల్ల సింగీతం శ్రీనివాసరావుగారి 'ఆదిత్య 369' (1991) తలపునకు వచ్చుట నా చాపల్యము. అందలి కాలయంత్రము ఎట్లు పనిచేయునో చిత్రము చూచి వచ్చినవాడెవడును చెప్పలేడు. అది దిగిన 1526వ సంవత్సరము మాత్రము శ్రీకృష్ణదేవరాయల పరిపాలనకాలము (1509-1529) లోనిదే. యంత్రమునకు అస్పష్టత, చేరిన ఊరికి ఖచ్చితత్వము. ఈ పంపకము నాకు నచ్చినది.

ఒక్కొక్కప్పుడు కల్తీలేని సాంకేతిక సత్యమే ఊహకు విత్తనమగును. పాత కంప్యూటర్లు పెక్కు 1970 జనవరి 1 నుండి సెకండ్లను లెక్కించుచు ఆ సంఖ్యను 32 బిట్ల గదిలో దాచును. ఆ గదిలో పట్టు గరిష్ఠసంఖ్య 2,14,74,83,647. 2038 జనవరి 19 ఉదయము, మన గడియారము ప్రకారము 8 గంటల 44 నిమిషముల 7 సెకండ్లకు ఆ గది నిండును. మరుక్షణమున, సరిదిద్దని యంత్రము తాను 1901 డిసెంబరులో నున్నట్లు భ్రమించును. క్రొత్తవి 64 బిట్లకు మారినవి గాని, పంజగుట్ట మెట్రో స్టేషను పరిసరములలో ఏ దుకాణమునందో పాతదొకటి మిగిలియుండుననుకొనుటకు కథకునకు హక్కు కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఏలుబడి! ఇంత చక్కని తేదీని ఏ రచయితయు తనంత తాను కల్పింపలేడు.

అమీరుపేట గదులలో ఈ విద్య నేర్చినవారిలో కథ వ్రాయు కోరిక గలవారెవరైన నున్నచో, దీనిని వ్రాయుడని నా మనవి. బిట్ల సంగతి ఒక్క వాక్యమున ముగింపుడు. యంత్రము మనిషిని ఎట్లు మోసికొనిపోయెనో చెప్పనే వలదు. కాని 1901 నాటి హైదరాబాదులో దిగినవానిచేత గండిపేట నీళ్ళు మాత్రము త్రాగింపకుడు. ఉస్మాన్‌సాగరు కట్ట పూర్తియైనది 1920లో.